ముంజేతి మీద ఎర్ర చుక్క

దర్గామిట్టలో, ఆస్పత్రి మూడో అంతస్తు.
ఏసీ పాతికకు తిప్పి
తలుపుకి చీటీ అంటిస్తాను: గట్టిగా మాట్లాడొద్దు.
లోపల నవ్వినా గీత ఉలిక్కిపడుతుంది.
పద్నాలుగేళ్లుగా నా ఉద్యోగం
మనుషుల ముంజేతులు తుడవడం.

స్పిరిట్ ఆరాక
రూపాయి బిళ్లంత పలక పెడతాను,
దాని నడుమ ఒక ఎర్ర వెలుగు.
పలక మెల్లిగా కాగుతుంది, నలభై రెండు డిగ్రీల దాకా.
తోలు కింద, వెంట్రుక కన్నా సన్నని దారులు
ఒక్కొక్కటే గొళ్లెం తీస్తాయి.
నేను చూసే నెత్తురికి రంగు లేదు, వాసన లేదు.
తెర మీద ఎక్కడం, దిగడం,
అంతే.

మొదట పెంచలమ్మ.
మైపాడు ఇసకలో తెల్లారకముందే పది కిలోమీటర్లు పరిగెత్తి
బస్సెక్కి వచ్చింది.
కానిస్టేబుల్ సెలక్షన్లకి ఇది మూడోసారి.
"అందరికన్నా ముందే నాకు చెమట పడతాది మేడం,
రోగమేమో చూడండి."
రోగం కాదుమే.
పరిగెత్తే ఒళ్లు తెలివి మీరతాది,
ఎండ గడప తొక్కకముందే కళ్లాపి చల్లేస్తుంది.
పలక కాగీ కాగకముందే
ఆమె గీత లేచి నిలబడింది
హాజరుపట్టీలో పేరు పిలిచినట్టు.

తర్వాత కాలేషా,
కోవూరు రైసుమిల్లు హమాలీ.
పగలంతా బస్తాలు,
రాత్రి మేనల్లుడి జిమ్ములో ఇనుము.
రెండెందుకయ్యా అంటే
"పగలు మోసేది వాళ్లకి, రాత్రి మోసేది నాకు" అన్నాడు.
"ఈ మిషను కండని చూస్తాదా?"
"లేదు, తోలునే."
"బరువు సంగతి తోలుకేం తెలుసు మేడం!"

అతని గీత తొందరపడలేదు.
గోడకానుకుని లేచి, లేచినచోట నిలిచింది.
పరుగు సంగతి పుస్తకాల్లో ఉంది గాని
బరువు దగ్గర
ఒకరు ఔనన్నారు, ఒకరు కాదన్నారు,
అని డాక్టరు వకుళ పెన్ను కొరికింది.
పన్నెండు వారాలు ఆగి మళ్లీ చూద్దామంది.

ఇంకా ఒకరు తక్కువయ్యారు.
నలభై దాటిన ఆడమనిషి, కసరత్తు చెయ్యనిది.
ఆ పిల్ల నా వైపు చూసింది.
నాలుగింటికి లేస్తాను. మూడు క్యారేజీలు కడతాను.
మోటరు కాలితే రెండో అంతస్తుకి బిందెలు మోస్తాను.
ఫారంలో రాసింది మాత్రం
వ్యాయామం: లేదు.
నా పేరు కంట్రోల్ తొమ్మిది.

నా చెయ్యి నేనే తుడుచుకున్నాను.
వేళ్లు ఐసుపెట్టెలో వంజరం ముక్కల్లా ఉన్నాయి.
పలక కాగింది.
గీత పడుకునే ఉంది.
చాలాసేపటికి, మోకాళ్ల నొప్పులమనిషి లేచినట్టు,
కాస్త లేచి
మళ్లీ కూర్చుంది.
వకుళ "పర్లేదు మేడం" అంది.
ఎవరికి పర్లేదో అడగలేదు.

రోహిణి కార్తె వచ్చింది, పన్నెండు వారాలూ అయ్యాయి.
కాలేషా ఆఖరి చూపు.
డాక్టరమ్మ భోజనానికి వెళ్లాక
చొక్కా కాలరు కిందికి లాగాడు.
"చేతి మీద ఏముంటాది. ఇక్కడ పెట్టండి."

మెడ వెనక, బస్తా కూర్చునే చోట
కాడి కింద ఎద్దు మెడలా
కాయగట్టిన నల్లటి తోలు.
పెట్టకూడదు. పెట్టాను.

గీత లేదు.
వైరు ఊడిందేమోనని తడుముకున్నాను.
అతను కదలకుండా, బల్ల మీద నుదురానించి,
ఊపిర్లు లెక్కపెడుతున్నాడు, బస్తాలు కొలిచినట్టు:
లాభం.
రెండు.
మూడు.
ఎనిమిది దగ్గర నేను తెర ఆపబోయాను.
పదిహేడు అన్నాక
అడుగు నుంచి, ఎక్కడినుంచో, గీత కదిలింది.
ఎక్కింది. ఎక్కుతానే ఉంది.
"ఏమన్నా కనపడిందా?"
"కనపడింది."
"ఆఁ, ఉంటాది లెండి" అని చొక్కా సర్దుకున్నాడు.

ఫారంలో మెడకి గడి లేదు.
ఆ అంకె ఎక్కడా రాయలేదు.

మర్నాడు పొద్దున లిఫ్టు బాగానే పని చేస్తా ఉంది.
దాన్ని దాటిపోయి
మొదటి మెట్టు మీద చెప్పుకాలు పెట్టి
లాభం,
అనుకున్నాను.